బీజాన్ రాబిన్సన్ వ హమ్‌నవా

ఫాల్కన్ అంటే షాహీన్. ఉర్దూ మీడియంలో చదివినవాడికి షాహీన్ అనగానే అల్లామా ఇక్బాల్ గుర్తొస్తాడు. అమెరికాలో అట్లాంటా నగరపు ఫుట్‌బాల్ జట్టు పేరు ఫాల్కన్స్. ఆ షాహీన్ల జట్టులో బంతి పట్టుకుని పరుగెత్తే కుర్రాడు బీజాన్ రాబిన్సన్. బీజాన్ అనేది ఖాలిస్ ఫార్సీ పేరు. ఫిర్దౌసీ షాహ్‌నామాలో బీజన్ ఒక జవాన్ పహిల్వాన్. తూరాన్ బాద్‌షా అఫ్రాసియాబ్ అతన్ని బావిలో పడేసి పైన బండ మూయిస్తాడు. చివరికి రుస్తుం వచ్చి ఆ బండ ఎత్తి బయటికి లాగుతాడు. అరిజోనా రాష్ట్రంలో టూసాన్ అనే ఊళ్ళో పెరిగిన ఈ కుర్రాడికి కూడా ఎప్పుడూ ఎవరో ఒకరు బండ ఎత్తాల్సిందే. ఒంటరిగా ఈ ఆటలో ఎవరూ బయటపడరు.

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో రాయడం దేనికి అని అడిగేవాళ్ళు ఉంటారు. అట్లాంటా చుట్టూ ఆల్ఫరెట్టా, కమ్మింగ్, జాన్స్ క్రీక్‌లలో మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. అక్కడ పుట్టిన మన పిల్లలు క్రికెట్ కంటే ఈ ఆటే ఎక్కువ చూస్తున్నారు. మా ఖాలా కొడుకు కూడా అక్కడే ఉంటాడు. ఫోన్‌లో సలాం, ఖైరియత్ అయిపోగానే ముచ్చట ఫాల్కన్స్ మీదికి పోతుంది. "భాయ్‌జాన్, బీజాన్ ఉండగా ఇంకొకడి చేతికి బంతి ఎందుకిస్తారు? ఆ రెండోవాణ్ణి మంచి రేటుకి వేరే జట్టుకి ఇచ్చేస్తే పోలా!" అంటాడు. ఈ మాట వాడొక్కడిదే కాదు. 2025 సీజన్ మొదలవబోతున్న ఈ వక్త్‌లో ఆ జట్టు అభిమానుల్లో చాలామంది రాయ్ ఇదే. నా రాయ్ దీనికి ఉల్టా. ఎందుకో వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు ఆట తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. అటు పదకొండుమంది, ఇటు పదకొండుమంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, పోకపోతే బంతి అవతలివాళ్ళ పాలు. గజం అంటే మన దగ్గర ప్లాటు రేటు గుర్తొస్తుంది. అక్కడ ప్లాటు కొన్నంత కష్టంగానే ఒక్కో గజం సంపాదిస్తారు. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతిని దూరంగా విసరొచ్చు, లేదంటే పక్కనున్న రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టొచ్చు. చేతిలో పెట్టాడంటే ఇక ఆ కుర్రాడి పని కబడ్డీ రైడర్ పనే. ఒక ఫర్క్ ఉంది. రైడర్‌కి వెనక్కొచ్చి గీత తాకే సౌకర్యం ఉంటుంది. రన్నింగ్ బ్యాక్‌కి వెనక్కి రావడం అనేదే లేదు. నూట ముప్ఫై, నూట నలభై కిలోల మనుషులు ఢీకొంటున్న చోట సందు వెతుక్కుని దూరాలి, దాదాపు ప్రతిసారీ దెబ్బ తిని కింద పడాలి, లేచి మళ్ళీ నిలబడాలి.

ఇక బీజాన్ హిసాబ్ చూద్దాం. టెక్సాస్ యూనివర్సిటీలో ఆడిన ఇతన్ని 2023 డ్రాఫ్ట్‌లో ఎనిమిదో నంబరుగా అట్లాంటా తీసుకుంది. మొదటి ఏడాది 214 సార్లు బంతితో పరుగెత్తి 976 గజాలు సంపాదించాడు. మరో 58 సార్లు విసిరిన బంతిని పట్టి 487 గజాలు తెచ్చాడు. రెండో ఏడాది, అంటే 2024లో, 304 పరుగులు, 1,456 గజాలు, 14 టచ్‌డౌన్లు. దానికి తోడు 61 క్యాచ్‌లు, 431 గజాలు. పరుగుకి సగటు మొదటి ఏడాది 4.6 గజాలుంటే, రెండో ఏడాది 4.8. పని బాగా పెరిగినా సగటు తగ్గలేదు. ఈ ఆటలో అది మామూలు విషయం కాదు.

అంకెల్లో కనపడని హునర్ కూడా ఉంది. పూర్తి వేగంలో ఉన్నవాడు ఒక్క అడుగులో ఆగి, నడుము తిప్పి, ఇంకో దిక్కుకి పోతాడు. పట్టుకోబోయినవాడి చేతుల్లో గాలి మిగులుతుంది. ఇంకొక్క సంగతి. అతన్ని పక్కకి పంపించి బంతి విసిరితే నిఖార్సయిన రిసీవర్‌లాగా పట్టుకుంటాడు. అందువల్ల అతను మైదానంలో ఉన్నప్పుడు అవతలి జట్టుకి రాబోయేది పరుగో, విసురో ఒక పట్టాన అంతుచిక్కదు. ఇరవై మూడేళ్ళ వయసులో ఈ రెండు హునర్లూ ఇంత పక్కాగా ఉన్నవాళ్ళు లీగ్‌లో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. కాబట్టి బీజాన్ కాబిలియత్ మీద నాకు ఏ షక్ లేదు.

షక్ ఉన్నదల్లా జట్టు అతన్ని వాడే పద్ధతి మీద. 304 పరుగులు, 61 క్యాచ్‌లు కలిపితే 365. పదిహేడు మ్యాచ్‌ల సీజన్‌లో మ్యాచ్‌కి ఇరవై ఒకటికి పైనే. బంతి పట్టిన ప్రతిసారీ ఒక దెబ్బ అనుకుంటే, ఒక్క సీజన్‌లో ఆ ఒంటి మీద పడినవి మూడొందల పైచిలుకు దెబ్బలు. బంతి లేనప్పుడు క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాళ్ళకి అడ్డంగా భుజం పెట్టే పని వేరే ఉంది. దానికి హిసాబ్ రాసేవాడు కూడా ఉండడు.

ఆ లెక్కలో లేని పని ఎంత ఖరీదైనదో అట్లాంటావాళ్ళకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. 2017 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ మీద ఒక దశలో 28-3తో ముందున్నది వాళ్ళే. నాలుగో క్వార్టర్‌లో డాంటా హైటవర్ దూసుకొచ్చినప్పుడు రన్నింగ్ బ్యాక్ డెవాంటా ఫ్రీమన్ అతన్ని ఆపలేకపోయాడు. మ్యాట్ రయాన్ చేతిలోంచి బంతి జారిపోయింది. అక్కణ్ణుంచి ఆటే తిరిగిపోయి, చివరికి 34-28తో ఓడారు. ఫ్రీమన్ ఆ సీజన్‌లో వెయ్యి గజాలు దాటినవాడు, ఆ మ్యాచ్‌లో టచ్‌డౌన్ కూడా చేసినవాడు. జనానికి గుర్తున్నది మాత్రం ఆపలేకపోయిన ఆ ఒక్క క్షణమే.

ఇప్పుడు రెండోవాడి ముచ్చట. టైలర్ ఆల్‌గీర్. ఖవ్వాలీ పోస్టర్లు చూసినవాళ్ళకి తెలుసు, ఖవ్వాల్ పేరు పెద్దక్షరాల్లో వేసి కింద చిన్నగా "వ హమ్‌నవా" అని రాస్తారు. హమ్‌నవా అంటే వెనక కూర్చుని తాళం పట్టేవాళ్ళు, గొంతు కలిపేవాళ్ళు. వాళ్ళ పేర్లు ఎవరూ అడగరు. ఉస్తాద్ ఊపిరి తీసుకునే ఆ రెండు క్షణాల్లో మెహఫిల్ చల్లారకుండా కాపాడేది వాళ్ళే. ఆల్‌గీర్ ఆ తరహా మనిషి.

ఇతని వెనక పెద్ద పేరేమీ లేదు. బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ జట్టులోకి స్కాలర్‌షిప్ లేకుండా, తనంతట తాను వెళ్ళి చేరాడు. మధ్యలో కొన్నాళ్ళు అతన్ని డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్‌గా కూడా ఆడించారు. అంటే దెబ్బ తినే పనీ, దెబ్బ కొట్టే పనీ రెండూ తెలిసినవాడు. 2022 డ్రాఫ్ట్‌లో ఐదో రౌండ్‌లో, 151వ నంబరుగా అట్లాంటా తీసుకుంది. ఆ ఏడాదే 210 పరుగుల్లో 1,035 గజాలు సంపాదించి, మొదటి ఏడాది ఆటగాడిగా ఫాల్కన్స్ రికార్డు బద్దలుకొట్టాడు. 1979లో విలియం ఆండ్రూస్ పెట్టిన రికార్డు అది. నలభై మూడేళ్ళు నిలిచిన రికార్డుని 151వ నంబరు కుర్రాడు దాటేశాడు.

దానికి దొరికిన ఇనాం ఏమిటి? మరుసటి ఏప్రిల్‌లోనే జట్టు తన మొదటి పిక్‌ని అదే పని చేసే ఇంకొకడి మీద పెట్టింది. నేను బీజాన్‌ని తీసుకోవడం జుల్మ్ అనడం లేదు. జట్టు తన ఫాయిదా చూసుకుంటుంది. కానీ ఆల్‌గీర్ స్థానంలో ఉండి ఒకసారి ఆలోచించండి. పరీక్షలో ఫస్ట్ వచ్చిన పిల్లవాణ్ణి మరుసటి సంవత్సరం వెనక బెంచీలో కూర్చోబెట్టినట్టు కాదూ? 2023లో అతనికి 186 పరుగులు దొరికాయి. వాటిలో వచ్చినవి 683 గజాలు, సగటు 3.7కి పడిపోయింది. అప్పుడు చాలామంది అతని హిసాబ్ ఖతం అనుకున్నారు. 2024లో ఇంకా తక్కువ, 137 పరుగులే. వాటిలో 644 గజాలు తెచ్చి సగటుని 4.7కి లేపాడు. బీజాన్ 4.8, ఇతను 4.7.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి "ఇద్దరూ సమానమే" అంటే అది ఇన్సాఫ్ కాదు. బీజాన్ వచ్చాడంటే అవతలి జట్టు కళ్ళన్నీ అతని మీదే ఉంటాయి. ఆల్‌గీర్ చాలాసార్లు వచ్చేది ఎదుటివాళ్ళు అలిసిపోయాక. పైగా క్యాచ్‌ల్లో ఇద్దరికీ జమీన్ ఆస్మాన్ ఫర్క్ ఉంది. బీజాన్ పది గజాల ఆటని నలభై గజాలు చేయగలడు, ఆల్‌గీర్ అలా చేయడం అరుదు. కానీ ఒక గజమే కావాలి, ఎదురుగా గోడలాగా మనుషులున్నారు అనుకోండి. అప్పుడు తల వంచి, కాళ్ళు ఆడిస్తూ, ముగ్గుర్ని మోసుకుంటూ ఆ గజం తెచ్చే రకం ఆల్‌గీర్. ఒకడు ఖడ్గం, ఇంకొకడు గొడ్డలి. చెట్టు కొట్టాల్సిన చోట ఖడ్గం వాడితే ఖడ్గమే పాడవుతుంది.

2023 అక్టోబర్‌లో టాంపా బే మీద జరిగిన మ్యాచ్ దీనికి మంచి మిసాల్. ఆ రోజు తలనొప్పి, ఒంట్లో బాగోలేదంటూ బీజాన్ దాదాపు ఆడలేదు. అతని చేతికి పరుగు కోసం బంతి వచ్చింది ఒక్కసారే. ఆ సంగతి ముందుగా ప్రకటించనందుకు లీగ్ తర్వాత జట్టుకి జరిమానా కూడా వేసింది. ఆ గొడవ గురించి వారం రోజులు మాట్లాడుకున్నారు. ఆ రోజు బరువు మోసింది ఎక్కువగా ఆల్‌గీర్ అనీ, ఆ మ్యాచ్ ఫాల్కన్స్ 16-13తో గెలిచిందనీ ఎంతమంది మాట్లాడుకున్నారు? పత్రికల్లో రాత్రి డెస్క్ చేసినవాళ్ళకి ఈ ఖామోషీ బాగా పరిచయం. పేజీ టైముకి వెళ్ళిపోతే ఎవరూ ఫోన్ చేయరు. తప్పు పోతేనే చేస్తారు.

మూడోవాడు జేస్ మెక్లెలన్. అలబామా యూనివర్సిటీ నుంచి 2024లో ఆరో రౌండ్‌లో వచ్చాడు. మొదటి ఏడాది అతని చేతికి బంతి అందడమే అరుదు. అంతకుముందు ఆ మూడో మఖామ్‌లో కొర్డరెల్ ప్యాటర్సన్ లాంటి తజుర్బా ఉన్న మనిషి ఉండేవాడు. ప్యాటర్సన్ అసలు రిసీవర్‌గా వచ్చి, ముప్ఫై ఏళ్ళ వయసులో రన్నింగ్ బ్యాక్‌గా మారి, 2021లో పదకొండు టచ్‌డౌన్లు చేసిన జాదూగర్. అతను 2024లో పిట్స్‌బర్గ్ వెళ్ళిపోయాక ఆ ఖాళీ ఖాళీగానే మిగిలింది. అంటే ఈ రోజు ఆల్‌గీర్‌ని అమ్మేస్తే, బీజాన్ మోకాలికి ఏదైనా అయిన రోజున జట్టు మొత్తం ఆధారపడేది ఇంకా పరీక్షే రాయని ఒక కుర్రాడి మీద. అల్లాహ్ అలాంటి రోజు తీసుకురాకూడదు. కానీ దువాతో పాటు ఇంతెజామ్ కూడా ఉండాలి కదా.

"ఆల్‌గీర్ కాంట్రాక్ట్ 2025 సీజన్‌తో ఖతం అవుతోంది, ఆ తర్వాత ఎలాగూ వెళ్ళిపోతాడు, ఇప్పుడే ఇచ్చేస్తే ఒక డ్రాఫ్ట్ పిక్ అయినా దక్కుతుంది" అనేది అవతలి దలీల్. దీంట్లో కొంత నిజం ఉంది. 2026 మొదటి రౌండ్ పిక్‌ని ఫాల్కన్స్ ఇప్పటికే లాస్ ఏంజెలెస్ రామ్స్‌కి ఇచ్చేసింది, జేమ్స్ పియర్స్‌ని తెచ్చుకోవడం కోసం. చేతిలో పిక్‌లు తక్కువున్న జట్టుకి ఏదో ఒకటి దొరికితే మంచిదే. అయితే రెండో రన్నింగ్ బ్యాక్‌కి మార్కెట్‌లో వచ్చేది ఏ నాలుగో రౌండో, ఐదో రౌండో. ఐదో రౌండ్‌లో మళ్ళీ ఒక ఆల్‌గీర్ దొరుకుతాడని భరోసా ఏమిటి? చేతిలో ఉన్న మనిషిని వదులుకుని, అలాంటి మనిషి దొరకొచ్చనే ఆశని కొనుక్కోవడం అది. ఏ దుకాణందారూ అలాంటి సౌదా చేయడు.

ఇంకో దలీల్ ఇంతకంటే బరువైనది. అసలు ఎనిమిదో నంబరులో రన్నింగ్ బ్యాక్‌ని తీసుకోవడమే దండగ అనేది. అట్లాంటా బీజాన్‌ని తీసుకున్న వెంటనే, తొమ్మిదో నంబరులో ఫిలడెల్ఫియా డిఫెన్స్ ఆటగాడు జేలెన్ కార్టర్‌ని తీసుకుంది. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది ఫిలడెల్ఫియా. అట్లాంటా 2024లో 8-9తో ఇంటికెళ్ళింది. ఆ జట్టు ప్లేఆఫ్ ముఖం చూసి 2017 సీజన్ నుంచి ఇప్పటిదాకా ఏళ్ళు గడిచాయి. సీజన్ చివరి మ్యాచ్‌లో కరోలినా మీద బీజాన్ ఒక్కడే 170 గజాలు పరుగెత్తాడు, రెండు టచ్‌డౌన్లు చేశాడు. అయినా అదనపు సమయంలో 44-38తో ఓడిపోయారు. అవతలివాళ్ళు నలభై నాలుగు పాయింట్లు చేస్తుంటే రన్నింగ్ బ్యాక్ ఎంత పరుగెత్తి ఏం లాభం? ఈ సవాల్‌కి జవాబ్ చెప్పడం కష్టం. జట్టు కూడా దాన్ని ఒప్పుకున్నట్టే ఉంది. 2025 మొదటి రౌండ్‌లో జేలన్ వాకర్, పియర్స్ ఇద్దర్నీ క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకే పనికే తీసుకుంది.

ఈ దలీల్ చెప్పేవాళ్ళు ఫిలడెల్ఫియా సబక్‌లో సగమే చదువుతున్నారు. ఆ జట్టుని సూపర్ బౌల్‌దాకా మోసింది రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీ. 2024లో 2,005 గజాలు. ఒకే సీజన్‌లో అందరికంటే ఎక్కువ గజాల రికార్డు 1984లో ఎరిక్ డికర్‌సన్ పెట్టిన 2,105. చివరి మ్యాచ్ మిగిలి ఉండగా బార్క్‌లీకి కావలసింది 101 గజాలే. చరిత్రలో పేరు ఎక్కే మౌకా. జట్టు ఏం చేసింది? ప్లేఆఫ్‌లో స్థానం ఎలాగూ ఖరారైంది కాబట్టి అతన్ని కూర్చోబెట్టి వెనకవాళ్ళని పంపింది. ఆ వెనకవాళ్ళతోనే న్యూయార్క్ జెయింట్స్ మీద గెలిచింది కూడా. రికార్డు పోయింది, కప్పు వచ్చింది. మొదటివాడి ఒళ్ళు జట్టు చేతిలో అమానత్ అని అర్థమైనవాళ్ళు తీసుకునే ఫైసలా అది. అలాంటి ఫైసలా తీసుకోవాలంటే వెనక భరోసా ఉన్న మనుషులు ఉండాలి.

అమానత్ అన్న మాట ఊరికే వాడలేదు. రన్నింగ్ బ్యాక్ జవానీ ఎంత పొట్టిదో ఈ అట్లాంటాలోనే చూశారు. టాడ్ గర్లీ జార్జియా యూనివర్సిటీ కుర్రాడు, అక్కడి జనానికి సొంత బిడ్డలాంటివాడు. 2017లో లీగ్‌లో ఉత్తమ అఫెన్స్ ఆటగాడు. 2018లో రామ్స్ జట్టు అతనికి దాదాపు ఆరు కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ రాసిచ్చింది. 2020 మార్చిలో అదే జట్టు వదిలేసింది, కారణం మోకాలు. అప్పటికి అతని వయసు ఇరవై అయిదు. ఆ ఏడాది అట్లాంటాకి వచ్చి తొమ్మిది టచ్‌డౌన్లు చేశాడు. అంతే, అదే ఆఖరి సీజన్. మన ఇళ్ళల్లో ఇరవై ఆరేళ్ళ కుర్రాడికి అప్పుడే మొదటి నౌకరీ ఖాయమై, పెళ్ళి మాటలు నడుస్తుంటాయి. అక్కడ ఆ వయసుకి ఆ మనిషి కెరీర్ ముగిసిపోయింది.

ఇంకా వెనక్కి పోతే, సలామ్ అని పేరున్న ఒక కుర్రాడు ఉన్నాడు. రాషాన్ సలామ్. తండ్రి ఇస్లాం స్వీకరించి సలామ్ అనే పేరు పెట్టుకున్న మనిషి. కాలేజీలో 1994లో 2,055 గజాలు పరుగెత్తి హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. 1995లో షికాగో బేర్స్ మొదటి రౌండ్‌లో తీసుకుంది. ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడి చేతికి ఆ సీజన్‌లో దాదాపు మూడొందల సార్లు బంతి ఇచ్చారు. 1,074 గజాలు తెచ్చాడు. అందరూ వాహ్ వా అన్నారు. తర్వాతి ఏడాది దెబ్బలు, ఆ తర్వాతి ఏడాది కాలు విరగడం. షికాగో వదిలేసింది. మొదటి ఏడాది లాంటి ఏడాది మళ్ళీ రాలేదు. 2016 డిసెంబర్‌లో, 42 ఏళ్ళ వయసులో కొలరాడోలోని ఒక పార్కులో చనిపోయి కనిపించాడు. ఆత్మహత్య అని అధికారులు తేల్చారు. దానికి ఆటే కారణం అని నేను అనను, ఒక మనిషి గుండెలోని బాధకి అంత తేలిగ్గా హిసాబ్ కట్టే హక్కు నాకు లేదు. ఇరవై ఒక్కేళ్ళ ఒంటి మీద మూడొందల దెబ్బలు వేసేముందు ఎవరైనా ఒక్కసారి ఆలోచించారా అన్నది మాత్రం అడుగుతాను.

ఉజ్రత్ సంగతి కూడా చూడాలి. బీజాన్‌కి మొదటి కాంట్రాక్ట్ నాలుగేళ్ళకి దాదాపు 2 కోట్ల 20 లక్షల డాలర్లు. మొదటి రౌండ్‌వాడు కాబట్టి ఐదో ఏడాది కూడా తనతోనే ఉంచుకునే హక్కు జట్టుకి ఉంది. లీగ్ నియమాల ప్రకారం డ్రాఫ్ట్‌లో వచ్చినవాడు మూడు సీజన్లు ముగిసేదాకా కొత్త కాంట్రాక్ట్ మాట ఎత్తడానికి వీల్లేదు. 151వ నంబరులో వచ్చిన ఆల్‌గీర్‌కి దక్కేది బీజాన్‌కి దక్కేదాంట్లో చిన్న ముక్క. మొదటి ఏడాదే రికార్డు కొట్టినా, మూడు సీజన్లు ముగిసేదాకా కొత్త కాంట్రాక్ట్ అడిగే దారి లేదు. మజ్దూర్ ఉజ్రత్ ఆలస్యం చేయకూడదని జుమా ఖుత్బాల్లో వింటూ పెరిగినవాళ్ళం. ఇక్కడ ఒంట్లో సత్తువ నిండుగా ఉన్న మూడు నాలుగేళ్ళూ నంబరు చూసి రాసిన జీతానికి పనిచేయించుకుంటారు. అసలు కద్ర్ దొరకాల్సిన వేళకి మోకాళ్ళు అరిగిపోయాయని బయటికి పంపుతారు. లక్షల డాలర్లు తీసుకునేవాళ్ళ మీద ఇంత హమ్‌దర్దీ ఏమిటని మీరనొచ్చు. డబ్బు ఎక్కువైనంత మాత్రాన బేఇన్సాఫీ తక్కువైపోదు. ఆ లక్షలు కూడా ఒక జీవితకాలానికి కాదు, నాలుగు సీజన్లకి.

మార్కెట్‌లో ఇప్పుడు కొంచెం గాలి మారింది. 2023లో బార్క్‌లీ, జాష్ జేకబ్స్ లాంటివాళ్ళు ఎక్కువ ఏళ్ళ కాంట్రాక్ట్ దొరక్క నానా తంటాలు పడ్డారు. 2025 మార్చిలో అదే బార్క్‌లీ ఏడాదికి సగటున రెండు కోట్ల డాలర్లు దాటిన మొదటి రన్నింగ్ బ్యాక్ అయ్యాడు. రేపు బీజాన్ కూర్చుని మాట్లాడే రోజున ఈ అంకె బల్ల మీద ఉంటుంది. అతనికి అది దక్కాలనే నా కోరిక. దక్కాలంటే అప్పటిదాకా అతని కాళ్ళు బాగుండాలి. కాళ్ళు బాగుండాలంటే ఆల్‌గీర్ ఉండాలి. అంటే బీజాన్ ఫాయిదా, జట్టు ఫాయిదా, ఆల్‌గీర్ ఇజ్జత్ మూడూ ఒకే దారిలో ఉన్నాయి. ఆ దారిలో నడవకపోవడానికి కారణం ఏముంది, అభిమానుల బేసబ్రీ తప్ప?

నా ఫైసలా ఇది. మొదటిది, ఈ సీజన్ అయ్యేదాకా ఆల్‌గీర్‌ని ఎవరికీ ఇవ్వకూడదు. రెండోది, పంపకం మార్చాలి. 2024లో ఇద్దరికీ కలిపి దొరికిన పరుగులు 441. వాటిలో పదింటికి దాదాపు ఏడు బీజాన్‌వే. దాన్ని పదింటికి ఆరు చేస్తే అతని పరుగులు 265 దగ్గర ఆగుతాయి. దాదాపు నలభై దెబ్బలు తగ్గుతాయి, అంటే దాదాపు రెండు మ్యాచ్‌ల బరువు. గజం రెండు గజాలు కావలసిన చోటా, ఆధిక్యంలో ఉండి గడియారం నడిపించాల్సిన చోటా ఆల్‌గీర్ రావాలి. బీజాన్ క్యాచ్‌లు మాత్రం తగ్గించకూడదు. ఖాళీ జాగాలో అతనికి బంతి అందితే దెబ్బ తక్కువ, గజాలు ఎక్కువ. మైకేల్ పెనిక్స్ లాంటి కొత్త క్వార్టర్‌బ్యాక్‌కి అంతకంటే మంచి సహారా దొరకదు.

మూడోది, మూడోవాణ్ణి ఇప్పుడే తయారు చేయాలి. ఆల్‌గీర్ 2026లో వెళ్ళిపోవచ్చు, వెళ్ళాలి కూడా, తన కద్ర్ తెలిసిన చోటికి. వెళ్ళేటప్పుడు అతన్ని ఇంకొకడి నీడగా కాకుండా, 1,035 గజాల మనిషిగా సాగనంపాలి. ఆ ఖాళీలో కూర్చునేవాడు మెక్లెలనే కానివ్వండి, ఇంకొకరు కానివ్వండి, ఈ ఏడాదే మ్యాచ్‌కి రెండు మూడు సార్లయినా బంతి పట్టాలి. ఈత నేర్పకుండా బావిలోకి తోయకూడదు.

ఇంకో మాట. లైన్‌లో ముందు నిలబడి సందు తెరిచే అయిదుగురి గురించి మాట్లాడకుండా రన్నింగ్ బ్యాక్‌లకి మార్కులు వేయడం కూడా బేఇన్సాఫీయే. మధ్యలో బంతి అందించే సెంటర్ డ్రూ డాల్‌మన్ 2025 మార్చిలో షికాగో వెళ్ళిపోయాడు. అతని జాగాలో రయాన్ న్యూజిల్ రావాలి. 2024లో డాల్‌మన్‌కి దెబ్బ తగిలినప్పుడు కొన్ని వారాలు ఆ పని చేసినవాడే, అంటే అతనూ ఒక హమ్‌నవాయే. క్రిస్ లిండ్‌స్ట్రామ్, జేక్ మాథ్యూస్ లాంటి పాతవాళ్ళు పక్కనున్నారు కాబట్టి ఫిక్ర్ కొంత తక్కువ. అయినా ఈ ఏడాది బీజాన్ సగటు 4.8 నుంచి కిందికి దిగితే కుర్రాణ్ణి తిట్టేముందు ఆ మధ్యలో ఏం జరుగుతోందో చూడండి. షాహ్‌నామాలో బీజన్ పైకి వచ్చింది రుస్తుం బండ ఎత్తాడు కాబట్టి.

సెప్టెంబర్ 7న అట్లాంటాలోనే టాంపా బే మీద మొదటి మ్యాచ్. మా ఖాలా కొడుక్కి ఒక పని చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను. బీజాన్ ఎన్ని గజాలు పరుగెత్తాడన్నది అందరూ లెక్కపెడతారు, దాన్ని వాళ్ళకి వదిలేయండి. మీరు ఒక కాగితం తీసుకుని, నాలుగో క్వార్టర్‌లో ఒక గజం కావలసినప్పుడు ఎవరు మైదానంలోకి వచ్చారో రాసుకోండి. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకినవాడికి అడ్డం పోయి భుజం పెట్టింది ఎవరో రాసుకోండి. బీజాన్ పక్కన కూర్చుని నీళ్ళు తాగిన నిమిషాలు ఎన్నో రాసుకోండి. ఆ నిమిషాలు ఎక్కువుంటే డిసెంబర్‌లో కూడా అతను ఇలాగే పరుగెత్తుతాడు, ఇన్షా అల్లాహ్.